కొంగల చెరువు దగ్గర నాలుగో పాఠం

మా ఇంట్లో నాకు కోపిష్ఠిదాన్నని పేరు. కాదని వాదిస్తే అదే రుజువైపోతుందని ఊరుకుంటాను. కానీ ఎనభైల మధ్యలో ఒక పత్తి పంటకాలమంతా కొంగల చెరువు దగ్గర నాకొచ్చిన కోపం మా ఇంట్లోవాళ్ళు ఎరిగిన కోపం కాదు. పొద్దున ఒకరి మీద మొదలయ్యేది. మధ్యాహ్నానికి ఇంకొకరి మీదికి మారేది. సాయంత్రం ఒంగోలు బస్సెక్కి కూర్చునేసరికి ఎవరి మీదో తెలియకుండా మిగిలి, ఇంటికొచ్చాక వంటింట్లో గిన్నెల మీద తీరేది.

అప్పుడు నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో సైన్సు టీచర్ని. పత్తిచేలకీ మిరపచేలకీ మధ్య ఉన్న ఒక పాత చెరువుని అటవీ శాఖవాళ్ళు పక్షుల రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. ప్రకటించారంటే ఒక బోర్డు పెట్టారు, రోడ్డు వైపు ముళ్ళకంచె వేశారు, గట్టు మీద ఒక గది కట్టారు. నీళ్ళలో నిలబడ్డ నల్లతుమ్మ చెట్ల మీద ఏటా చలికాలంలో గూడబాతులూ ఎర్రకాళ్ళ కొంగలూ గూళ్ళు కట్టేవి. చుట్టుపక్కల బడిపిల్లల్ని అక్కడికి తీసుకొచ్చి పర్యావరణం గురించి చెప్పే ఒక రోజు కార్యక్రమం తయారు చెయ్యాలని పైనుంచి ఆర్డరొచ్చింది. తయారు చెయ్యడానికి ఒక టీచరు కావాలి. మా హెడ్మాస్టరుగారు నా పేరు రాసి పంపారు. స్టాఫు మీటింగుల్లో నేను అడిగే ప్రశ్నల నుంచి ఒక ఏడాదైనా తెరిపి దొరుకుతుందని ఆయన ఆశ. "చల్లగా చెరువు గట్టున కూర్చోవచ్చు, అదృష్టవంతులమ్మా మీరు," అన్నారు.

గట్టు మీద చల్లదనం ఏమీ లేదు. ఎండ ఉండేది, రెట్టల కంపు ఉండేది, గాలి ఇటు తిరిగితే చేలల్లోంచి పురుగుమందు వాసన వచ్చేది.

మొదట హైదరాబాదు నుంచి ఒక పుస్తకం పంపారు. అది చూసి పిల్లలకి చెప్పాలట. అందులో ఏనుగులున్నాయి, మంచుకొండలున్నాయి, దేవదారు చెట్లున్నాయి. అడవిలో చాక్లెట్ కాగితాలు పారెయ్యకూడదని ఒక పేజీ నిండా రాశారు. మా పిల్లలకి చాక్లెట్టు దొరికేదే పంద్రాగస్టుకి. ఆ కాగితాన్ని వాళ్ళు పారెయ్యరు, నున్నగా సాపు చేసి పుస్తకంలో దాచుకుంటారు. పిల్లలు అడగాల్సిన ప్రశ్నలు, వాటికి టీచరు చెప్పాల్సిన జవాబులు కూడా అచ్చేసి ఇచ్చారు. ఆ పుస్తకాన్ని తీసుకెళ్ళి రేంజరుగారి బల్ల మీద పెట్టి, "ఇది మీ దగ్గరే ఉండనివ్వండి, నేను వేరే రాసుకుంటాను," అన్నాను.

రేంజరుగారంటే ఆ చెరువు బాధ్యత చూసే అటవీ అధికారి. రిటైర్మెంటుకి దగ్గర పడ్డ మనిషి, గొంతు పెంచి ఎరగరు. ఏ మాటకైనా ముందు "చూద్దాం" అనేవారు. నేను రెట్టిస్తే "పైన అడుగుదాం" అనేవారు. ఆయనకి పక్షులంటే నిజంగా ఇష్టం, పై ఆఫీసరంటే నిజంగా భయం. ఈ రెండింటి మధ్యా నలిగిపోయే మనిషిని చూస్తే జాలి వెయ్యాలి. నాకు ఒళ్ళు మండేది.

నేను నాలుగు పాఠాలు రాసుకున్నాను. మొదటిది నడక. నోరు విప్పకుండా గట్టు పొడుగునా నడిచి, విన్న చప్పుళ్ళన్నీ చివర్లో చెప్పాలి. రెండోది గూడు. ఒక్కొక్కరూ ఒక్కో గూడు ఎంచుకుని అక్కడ తల్లి, తండ్రి, పిల్లలు ఏం చేస్తున్నారో చూడాలి. మూడోది తిండి. ఒడ్డు చెట్ల కింద కొంగపిల్లల నోట్లోంచి జారిపడ్డ చేపల్ని ఏరి ఏది ఏ చేపో పోల్చుకోవాలి. చేపల పేర్లంటే పిల్లలు ఎగబడతారని నాకు తెలుసు. నాలుగోది నీళ్ళు. చెరువులోకి వచ్చే కాలవ వెంబడి పైకి నడిపించి, నీళ్ళతో పాటు ఇంకేం వచ్చి చెరువులో చేరుతోందో చూపించాలి.

ఏం చేరుతోందో ఆ దారిన పోయే ఎవరికైనా కనిపించేది. కాలవ మొదట్లో రైతులు స్ప్రేయర్లు కడిగేవారు. ఆ ఏళ్ళలో పత్తికి తెల్లదోమ పట్టింది. ఒక మందు పని చెయ్యకపోతే ఇంకోటి కొట్టేవారు, అదీ చెయ్యకపోతే రెండూ కలిపి కొట్టేవారు. పెద్దవాళ్ళు కొడుతుంటే పిల్లలు నీళ్ళు తోడిచ్చేవారు, బక్కెట్లో మందు చేత్తోనే కలిపేవారు. అలా పొద్దున్నే చేలో పని చేసొచ్చిన పిల్లలు నా క్లాసులో బల్ల మీద తల వాల్చేసేవారు. ఒకసారి తొమ్మిదో తరగతి పిల్ల బోర్డు మీద ఆకు బొమ్మ గీస్తూ గీస్తూ వాంతి చేసుకుని పడిపోయింది. ఆస్పత్రిలో బతికింది. బడికి మాత్రం మళ్ళీ రాలేదు. ఆ పిల్లని రిక్షాలో నా ఒళ్ళో వేసుకుని తీసుకెళ్ళింది నేనే. దాని చేతుల వాసన నా చీరకి పట్టుకుని ఎన్ని ఉతుకులకో గానీ వదల్లేదు.

అందుకని మిగతా మూడు పాఠాలూ ఉన్నా సరే, పోయినా సరే, నాలుగోది ఉండి తీరాలి. మందు ఒంటికి తగలకూడదని, కడుపులోకి పోకూడదని ఈ పిల్లలకి ఎవరో ఒకరు కూర్చోబెట్టి చెప్పాలి. మా పాఠ్యపుస్తకాల్లో ఆ మాట లేదు. కొంగల పేరు చెప్పుకుని చెప్పే వీలు దొరికిందని నేను లోలోపల సంబరపడ్డాను.

రేంజరుగారు నా కాగితాలన్నీ చదివి, కళ్ళజోడు తీసి తుడుచుకుని, "అమ్మా, నాలుగోది అవసరమా?" అన్నారు.

"ఏం, బాగాలేదా?"

"బాగానే ఉంది. ఒక్క రోజులో నాలుగు ఎక్కువవుతాయేమోనని."

"అయితే మూడోది తీసేద్దాం."

"మూడోది బాగుందమ్మా."

"రెండోది తీసేద్దాం."

"అది కాదమ్మా," అని ఆయన నీళ్ళు నమిలారు. కాసేపు నమిలి చివరికి అసలు సంగతి బయటపెట్టారు. పిల్లల్ని తీసుకురావడానికి శాఖ దగ్గర బస్సు లేదు, పెట్టడానికి భోజనం లేదు. ఆ రెండూ భరిస్తానని దగ్గర్లోని పెద్ద ఊరి సెంటర్లో పురుగుమందుల షాపు ఉన్నాయన మాటిచ్చారు. అంతే కాదు, పిల్లలందరికీ టోపీలు కూడా ఇస్తానన్నారు.

ఆ షాపాయన చెడ్డమనిషి అయ్యుంటే నాకు సుఖంగా ఉండేది. ఆయన ఆదివారాలు మనవళ్ళని తీసుకుని కొంగల్ని చూడ్డానికి వచ్చేవారు. గట్టు మీద గదిలో ఉన్న ఒకే ఒక్క బైనాక్యులర్సు ఆయన కొనిచ్చినవే. నేను షాపుకి వెళితే లేచి నిలబడి కుర్చీ వేయించారు.

"టీచరుగారూ, నేను రైతుబిడ్డనేనండి," అన్నారు. "మందు లేకపోతే పత్తి లేదు. పత్తి లేకపోతే ఈ పిల్లలకి చదువే లేదు. పక్షుల గురించి చెప్పండి, చెట్ల గురించి చెప్పండి, ఎంతసేపైనా చెప్పండి. మందంటే మాత్రం పిల్లల్ని భయపెట్టకండి."

"వాడొద్దని చెప్పనండి. జాగ్రత్తగా వాడమని చెప్తాను."

"జాగ్రత్తలన్నీ డబ్బా మీద రాసే ఉన్నాయి కదండీ."

"మీరెప్పుడైనా చదివారా?"

ఆయన నవ్వి నాకు టీ తెప్పించారు. చీమ తలకాయంత అక్షరాల్లో రాసిన ఆ జాగ్రత్తల్ని నేను కళ్ళు చికిలించి చదువుతుంటే, రైతులు ఒకరి వెనక ఒకరు వచ్చి డబ్బాలు పట్టుకుపోతున్నారు. ఒక్కరూ డబ్బాని తిప్పి చూడలేదు. టీ చల్లారిపోయింది, నేను తాగకుండానే లేచొచ్చాను.

చివరికి రేంజరుగారే ఒక దారి చూపించారు. ఫిబ్రవరిలో పై ఆఫీసరుగారు చెరువు చూడ్డానికి వస్తున్నారు. ఆ రోజు ఒక బడి పిల్లల్ని పిలిపించి నాలుగు పాఠాలూ ఆయన ఎదుటే చేసి చూపించాలి. ఆయన ఒప్పుకుంటే నాలుగోది ఉంటుంది, చుట్టుపక్కల బడులన్నిటికీ వెళుతుంది. ఒప్పుకోకపోతే తీసేసి, నేను నోరెత్తకుండా మూడింటితో సరిపెట్టుకోవాలి. సరేనన్నాను. అనక ఏం చేస్తాను.

ఫిబ్రవరి అంటే మిరపకాయల కోతలు. ఏ హెడ్మాస్టరుకి కబురు పెట్టినా ఒకే జవాబు, "కోతలండీ, పిల్లలెక్కడున్నారు?" కొంగలేమో కోతలప్పుడే పిల్లల్ని పెడతాయి. కోతలయ్యేదాకా ఆగమని వాటికి చెప్పలేను కదా. తిరిగి తిరిగి ఒక ఊరి అప్పర్ ప్రైమరీ బడిని ఒప్పించాను. ఏడో తరగతి పిల్లల్ని తీసుకొస్తానని అక్కడి మాస్టారు మాటిచ్చారు. వాళ్ళకి నేను పంపిన కాగితంలో ఎండకి తలగుడ్డ తెచ్చుకోమని, చెరువు దగ్గర బోరు నీళ్ళు ఉప్పగా ఉంటాయి కాబట్టి ఎవరు తాగే నీళ్ళు వాళ్ళు తెచ్చుకోమని రాశాను.

ఆ రోజు బస్సు కంటే ముందు దాని చప్పుడొచ్చింది. లోపల డప్పు. కిటికీల్లోంచి జెండాలు. "పక్షులను కాపాడాలి, కాపాడాలి" అని పిల్లలంతా గొంతులు పగిలేలా అరుస్తున్నారు. తుమ్మచెట్ల మీద ఉన్న కొంగలన్నీ ఒక్కసారి లేచిపోయాయి. గూళ్ళలో పిల్లలు ఎండలో నోళ్ళు తెరుచుకుని ఉండిపోయాయి. నేను బస్సుకి ఎదురు పరిగెత్తి రెండు చేతులూ ఊపాను. అది స్వాగతమనుకుని ఇంకా గట్టిగా అరిచారు.

మాస్టారు దిగి చెమట తుడుచుకుంటూ, "వారం నుంచీ ప్రాక్టీసండి. ఎలా ఉంది?" అన్నారు.

"చాలా బాగుందండి. ఇక ఆపించండి," అన్నాను.

ఆయన ముఖం చిన్నబోయింది. పాపం ఆయనకి ఎవరు చెప్పారు గనక. మన బడుల్లో ఏ కార్యక్రమమైనా మొదలయ్యేది అరుపుతోనే. పిల్లలందరి నెత్తిన షాపాయన ఇచ్చిన పచ్చటోపీలు. టోపీ మీద ఒక పురుగు వెల్లకిలా పడి ఉంది, దాని కింద మందు పేరు. నేను కళ్ళు మూసుకుని, తెరిచి, పిల్లల్ని వరసలో నిలబెట్టాను.

నడక బాగానే నడిచింది. కొంగలు ఒక్కొక్కటే తిరిగొచ్చి వాలాయి. డప్పు లేకపోయాక పిల్లలు కూడా వేరే పిల్లలైపోయారు. గూళ్ళ దగ్గర గంటసేపు కదలకుండా కూర్చున్నారు. ఒక పిల్లవాడు, తల్లికొంగ రెక్కలు చాపి పిల్లలకి నీడనిస్తోందని కనిపెట్టి, గొంతు తగ్గించి నా చెవిలో చెప్పాడు. అది నేను చెప్పలేదు, వాడే చూశాడు. ఆ ఏడాది మొత్తంలో నాకు కోపం లేని గంట అదొక్కటే.

తర్వాత ఎండెక్కింది. నీళ్ళు తాగి రమ్మని పిల్లల్ని వదిలాను. వాళ్ళ సంచులూ సామానూ గది పక్కన తుమ్మచెట్టు నీడలో పెట్టి ఉన్నాయి. నేనూ వెనకే వెళ్ళాను. పిల్లలు దేంట్లో తాగుతున్నారో చూసి అక్కడే ఆగిపోయాను.

అన్నీ మందు డబ్బాలే. మెడ సన్నగా, మూత మరతో బిగించే అల్యూమినియం బుడ్లు. మెడకి పురికొస కట్టి భుజాన వేసుకోవడానికి వీలుగా చేసుకున్నారు. చాలావాటి మీద కాగితం పీకేసి ఉంది. ఒకదాని మీద మాత్రం విషమని తెలిపే ఎర్ర గుర్తు సగం మిగిలి ఉంది, ఆ పిల్ల దాన్నెత్తి గటగటా తాగుతోంది. నేను వెళ్ళి నోటి దగ్గర్నుంచి లాక్కున్నాను. ఆ విసురుకి నీళ్ళు దాని గౌను మీద పడ్డాయి. ఆ పిల్ల బిత్తరపోయి చూసింది.

"ఏంటండీ ఇవి?" అని మాస్టార్ని అడిగాను.

"నీళ్ళండి. మీరే కదండీ తెచ్చుకోమన్నారు."

"నీళ్ళు సరే. దేంట్లో తెచ్చారు?"

"ఓ అదా. శుభ్రంగా కడిగినవేనండి. చింతపండు వేసి, బూడిద పెట్టి తోమి, వేపాకు నీళ్ళు పోసి ఎండలో పెడతారు. మా ఊళ్ళో అందరిళ్ళల్లో ఇవేనండి. మూత బిగిస్తే చుక్క కారదు." అంటూ ఆయన తన బుడ్డి మూత తీసి ఒక గుక్క తాగి చూపించారు, నా భయం పోగొట్టడానికి.

నాకు ఏం చెయ్యాలో తోచలేదు. తిట్టాలా, ఏడవాలా, ఆయన చేతిలోది కూడా లాక్కోవాలా. లాక్కున్నాను. వరసగా ఒక్కో బుడ్డీ మూత తీసి నేల మీద బోర్లించడం మొదలుపెట్టాను. రేంజరుగారు పరిగెత్తుకొచ్చారు. "అమ్మా, ఇప్పుడొద్దు. సారు వచ్చే వేళయింది. ఆయన వెళ్ళాక చూసుకుందాం," అని బతిమాలారు.

"ఆయన వెళ్ళేదాకా పిల్లలు వీటిల్లో తాగుతూ ఉండాలా?"

"పొద్దున్నుంచీ తాగుతూనే ఉన్నారు కదమ్మా."

ఆ మాట ఆయన చెడుగా అనలేదు. అయినా నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. మిగతావి కూడా బోర్లించాను. ఎర్రగుర్తు బుడ్డి పిల్ల దాన్ని తిరిగి గుంజుకుని గుండెకి హత్తుకుంది. "మా అమ్మ కొట్టుద్ది టీచర్. ఇయ్యండి," అని ఏడుపు మొదలెట్టింది. ఆ పిల్లని చూసి మిగతావాళ్ళు కూడా ఎవరిది వాళ్ళు పట్టుకున్నారు. నేను లాక్కుంటాననుకున్నారు.

సరిగ్గా అప్పుడు జీపు ఆగింది. పై ఆఫీసరుగారు దిగారు, వెనకే పూలదండతో షాపాయన. ఎదురుగా తడిసిన నేల, ఏడుస్తున్న పిల్లలు, నా చేతిలో మాస్టారి బుడ్డి.

"ఏమిటమ్మా ఇది?" అన్నారు ఆఫీసరుగారు.

నేను వారాల తరబడి రాసుకున్న ఉపన్యాసం ఒక్క ముక్క గుర్తు రాలేదు. "ఇదేనండి నాలుగో పాఠం," అని బుడ్డి ఆయన ముక్కు దగ్గర పెట్టాను. ఆయన ముఖం పక్కకి తిప్పుకున్నారు. అంటే వాసన వచ్చినట్టే. "కాలవ దాకా వెళ్ళక్కర్లేదండి. ఈ పిల్లలు పొద్దున్నుంచీ తాగిన నీళ్ళ వాసన ఇది. ఇంట్లోనూ దీంట్లోనే తాగుతున్నారు. కడిగితే పోతుందని వాళ్ళ అమ్మలు నమ్ముతున్నారు, మాస్టారు నమ్ముతున్నారు. వాళ్ళకెవరూ చెప్పలేదు."

షాపాయన తెల్లబోయారు. "ఖాళీ డబ్బా గుచ్చి పూడ్చెయ్యమని దాని మీదే ఉందండి," అని గొణిగారు. ఈసారి నవ్వలేదు.

ఆఫీసరుగారు జేబురుమాలు తీసి ముక్కు తుడుచుకున్నారు. ఒప్పుకుంటారనే అనుకున్నాను. ముక్కు దగ్గర వాసన చూశాక ఏ మనిషైనా ఒప్పుకుంటాడని నా వెర్రి నమ్మకం.

"చాలా విచారకరం," అన్నారాయన. "కానీ ఇది మన సబ్జెక్టు కాదమ్మా. వ్యవసాయ శాఖవాళ్ళది."

పక్షులు అటవీ శాఖవి. పిల్లలు విద్యాశాఖవాళ్ళు. మందు వ్యవసాయ శాఖది. రేపు కడుపునొప్పొస్తే ఆరోగ్య శాఖది. ఏడో తరగతి పిల్ల ఒక్కతే ఇన్ని శాఖల చేతుల్లో ఉన్నా, దాని చేతిలోంచి ఆ డబ్బా తీసేవాడు ఒక్కడూ లేడు. ఈ మాటలు నేను పైకే అన్నాను. రేంజరుగారు నేల చూపులు చూశారు. ఆఫీసరుగారు దండ వేయించుకుని, బైనాక్యులర్సులో కొంగల్ని చూసి, పులిహోర బాగుందని చెప్పి వెళ్ళిపోయారు.

పిల్లల దాహం తీర్చింది చివరికి రేంజరుగారే. ఊళ్ళో మంచినీళ్ళ బావికి బస్సుని పంపి బిందెలతో నీళ్ళు తెప్పించారు.

మర్నాడు ఎర్రగుర్తు బుడ్డి పిల్ల తల్లి చెరువు దగ్గరికి వచ్చింది. మిరపకోత నుంచి నేరుగా వచ్చినట్టుంది, ఆమె వెంట వచ్చిన ఘాటుకి నాకు తుమ్ములొచ్చాయి.

"ఏంది టీచరమ్మా, మా పిల్లకేం చెప్పావు? రాత్రి అన్నం కాడ నీళ్ళు తాగనని ఒకటే ఏడుపు," అంది.

నాకు ప్రాణం లేచొచ్చింది. ఒక్క పిల్లకైనా తలకెక్కింది. కూర్చోబెట్టి అంతా వివరంగా చెప్పాను. ఆమె ఓపిగ్గా విని, "నువ్వు చెప్పేది అబద్ధమని నేననను. నీళ్ళు తెమ్మని కాయితం పంపింది నువ్వే గదా. మా ఇంట్లో మూతున్న సామాను అదొక్కటే. చేలోకి నీళ్ళు దేంట్లో పట్టుకెళ్ళమంటావు, గళాసులోనా?" అంది.

జవాబు లేకపోతే నాకు కోపం ఇంకా ఎక్కువొస్తుంది. లేచి నా సంచిలోంచి నా మరచెంబు తీసి ఆమె చేతిలో పెట్టాను. మా అమ్మ నా కాపురానికి ఇచ్చిన ఇత్తడి మరచెంబు. దాంట్లో నీళ్ళు పోసి పిల్లకివ్వమని, ఆ డబ్బాని గునపంతో పొడిచి పాతెయ్యమని చెప్పాను. ఆమె మొహమాటపడింది, వద్దంది, చివరికి కొంగు చాటున పెట్టుకుని వెళ్ళిపోయింది. ఒక్క డబ్బా తగ్గిందని ఆ సాయంత్రం బస్సులో నాకు కాస్త ఊరటగా అనిపించింది.

కొన్నాళ్ళకి ఆ పిల్ల బస్టాండులో కనిపించింది. భుజాన పురికొస, చివర అదే బుడ్డి. "మరచెంబేదే?" అన్నాను.

"ట్రంకుపెట్టెలో పెట్టింది మా అమ్మ. ఇత్తడిది గదా టీచర్. నా పెళ్ళికి సారెలో పెట్టుద్దంట," అంది, సిగ్గుపడుతూ.

ఎవర్ననగలను. మా అమ్మ అయినా అదే పని చేసేది.

ఆ నెలాఖరుకి ఆర్డరొచ్చింది. కార్యక్రమం మంజూరైంది. పాఠాలు మూడు. నాలుగోదాని స్థానంలో మొక్కలు నాటడం చేర్చారు. చెరువు గట్టు మీద మొక్క నాటితే సాయంత్రానికి గేదెలు మేసేస్తాయని అక్కడ కాపలా ఉండే కుక్కకి కూడా తెలుసు. చివర్లో కొత్తగా ఒక వాక్యం: విద్యార్థులు డబ్బాలలో గానీ సీసాలలో గానీ తాగునీరు తమ వెంట తీసుకురాకూడదు.

ఆ వాక్యం రెండుసార్లు చదివాను. పిల్లలు ఇంట్లో ఆ డబ్బాల్లో తాగొచ్చు, చేలో తాగొచ్చు. ఆఫీసరుగారి కళ్ళబడేలా మాత్రం తాగకూడదు. రాజీనామా రాద్దామనుకున్నాను. కాగితం తీశాను కూడా. రేంజరుగారు నా ఎదురుగా కూర్చుని, ఎప్పట్లా కళ్ళజోడు తుడుచుకుంటూ, "నీళ్ళు తేకూడదంటే మనమే పెట్టాలి కదమ్మా. రేపు కుండలు తెప్పిస్తాను," అన్నారు. ఆయన నోట "చూద్దాం" రాకపోవడం అదే మొదటిసారి. నేను కాగితం లోపల పెట్టేశాను.

మంజూరైన కార్యక్రమానికి మొదట వచ్చింది ఇంకో ఊరి బడి. గది వరండాలో ఇసుక పోసి దాని మీద కొత్త కుండలు పెట్టించారు రేంజరుగారు. మంచినీళ్ళ బావి నుంచి బండి మీద నీళ్ళొచ్చాయి. పిల్లలు ఖాళీ చేతులతో దిగారు. నడిచారు, గూళ్ళు చూశారు, చేపలు పోల్చుకున్నారు. ఎండెక్కాక కుండల దగ్గరికి ఎగబడ్డారు. నేనే గ్లాసుతో ముంచి ఇస్తున్నాను.

ఒక ఆరో తరగతి పిల్ల సగం గ్లాసు తాగి, ఆగి, లోపలికి చూసింది.

"ఏమైంది, చల్లగా లేవా?" అన్నాను.

"చల్లగానే ఉన్నాయి టీచర్. వాసన లేదు."

"ఏం వాసన?"

"నీళ్ళ వాసన," అంది. పక్కనున్న పిల్ల కూడా ఆ గ్లాసులో మూతి పెట్టి చూసి, "అవును, లేదు," అంది. దాని వెనకవాడు కూడా తలూపాడు.

రేంజరుగారు నా పక్కనే నిలబడి ఉన్నారు. ఆయన చేతిలో మంజూరైన కాగితం ఉంది, దాని ప్రకారం ఇప్పుడు మొక్కలు నాటాలి. మొక్కలు కూడా వచ్చి బండిలో ఉన్నాయి. ఆయన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకుని, పిల్లల్ని చూడకుండా, నన్ను చూడకుండా, "మొక్కలకేం తొందర లేదులెండి," అన్నారు.

నేను గ్లాసు కింద పెట్టి, పిల్లలందర్నీ కుండల చుట్టూ కూర్చోమన్నాను.